ఇంకా రాని పల్టీ

"అయ్యో!" అనబోయి తోమోయె నాలుక కరుచుకుంది. పిల్ల పడ్డప్పుడు అయ్యో అనకూడదని మాష్టారు మరీ మరీ చెప్పారు.

"బాగా ప్రయత్నించావమ్మా," అంది బదులుగా.

ఇసుకలో వెల్లకిలా పడ్డ మినోరి పకపకా నవ్వింది. "ఇంకా రాలేదమ్మా!"

మినోరిది రెండో తరగతి. పార్కులో ఛాతీ ఎత్తున్న ఇనుప కమ్మీని పట్టుకుని, కాళ్ళు పైకి తన్ని, వెనక్కి ఒక చుట్టు తిరిగి కమ్మీ మీదికి లేవాలి. ఆ వెనక పల్టీ రానిదే పిల్లల్లో పరువు దక్కదు.

కుజుమి మాష్టారు ఈ ఏడాది కొత్త పద్ధతి పెట్టారు. ఆయన తరగతిలో ఎవరూ 'నాకు రాదు' అనకూడదు, 'ఇంకా రాలేదు' అనాలి. ఒక్కొక్కరికీ ఒక 'ఇంకా' కార్డు. తనకు రానిదేదో పిల్లే దాని మీద రాసుకుంటుంది. వచ్చిందా లేదా అని కాకుండా, ఆ రోజు ప్రయత్నించిందా లేదా అని చూసి ఇంట్లో పెద్దవాళ్ళు రోజూ ముద్ర వెయ్యాలి. వచ్చాక కార్డు వెనక్కి ఇచ్చెయ్యాలి. "ఎప్పుడివ్వాలన్నది పిల్లల ఇష్టం. నేను అడగను, మీరూ తొందరపెట్టకండి," అన్నారాయన తల్లిదండ్రుల సమావేశంలో.

ఆయనకేం, ఎన్నైనా చెబుతారు! తోమోయె పనిచేసేది భోజనం డబ్బాలు కట్టే ఫ్యాక్టరీలో, సాయంత్రం షిఫ్టులో. ఇంట్లో తల్లీకూతుళ్ళు తప్ప మూడో మనిషి లేడు. మినోరి మెళ్ళోని తాళంచెవితో తలుపు తీసుకుని, ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం వేడిచేసుకుని ఒక్కతే తినేది. కార్డు ఇంటికొచ్చిన రోజే తోమోయె మాటిచ్చేసింది, "నీకు వచ్చేదాకా రోజూ నేనూ పార్కుకి వస్తా" అని. సూపర్‌వైజరుని బతిమాలి మూడు వారాలపాటు పొద్దుటి షిఫ్టుకి మారింది. చీకటి పడేదాకా కమ్మీ దగ్గర తంటాలు పడడం, దారిలో ఆవిరి బన్ను ఒకటి కొని చెరిసగం తింటూ ఇంటికి పోవడం. చూస్తుండగానే మూడు వారాలూ అయిపోయాయి.

రేపు శనివారం. తల్లిదండ్రులు వచ్చి తరగతి చూసే రోజు. చూపించేది వ్యాయామం పీరియడే అట. అందరి ముందూ మినోరి పడిపోతుందేమోనని తోమోయె దిగులు.

"ఇంకా రాలేదా?" కుక్కని తిప్పడానికొచ్చిన పక్కింటి హమాసాకి మామ్మ ఆగింది. "మా కాలంలో ఈ కార్డులూ గీర్డులూ ఎక్కడివి? వీపు మీద ఒక్కటిస్తే అదే వచ్చేది."

"ఇంకా రాలేదు మామ్మా!" మినోరి హుషారుగా అరిచింది.

"దీనికి చీమ కుట్టినట్టయినా లేదేమిటే తోమోయె! దిగులంతా నువ్వే పడుతున్నావా?" అంటూ మామ్మ కుక్కని లాక్కుని వెళ్ళిపోయింది.

తోమోయెకి ఏడుపొచ్చినంత పనైంది. "అసలెక్కడ తప్పుతోందే నీకు?" అంటూ తనే కమ్మీ పట్టుకుంది.

"మోచేతులు చాపకమ్మా," అంది మినోరి పక్కన నిలబడి. "పొట్ట కమ్మీకి అంటుకోవాలి. తల వెనక్కి వాల్చావో అంతే సంగతులు. బొడ్డు వైపు చూడు, ఇప్పుడు తన్ను!"

తోమోయె తన్నింది. చెప్పు ఒకటి ఎగిరి పొదలో పడింది, ఆవిడ మాత్రం నేల వదల్లేదు. ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు.

"మాటలన్నీ వచ్చు నీకు, చెయ్యడమే రాదు."

"ఇంకా రాలేదు అనాలి!"

చెప్పు వెతుక్కుని వచ్చి తోమోయె బెంచీ మీద కూర్చుంది. ఇక దాచి లాభం లేదు. "మినోరీ, సోమవారం నుంచి నేను మళ్ళీ సాయంత్రం షిఫ్టుకి పోవాలే."

పిల్ల మొహంలో నవ్వు మాయమైంది. "వచ్చేదాకా వస్తానన్నావుగా?"

"అన్నాను. కానీ ఇంకో వారం అడిగితే నా చోట వేరే మనిషిని పెట్టుకుంటామంటున్నారు."

"నాకింకా రాలేదుగా అమ్మా!"

ఆ గొంతు విని తోమోయె మనసు ఆగలేదు. "సరేలే. ఇవాళ కూడా రాకపోతే ఎలాగోలా అడుగుతా. ఏమైతే అదే అవుతుంది."

మినోరి పరుగున వెళ్ళి కమ్మీ పట్టుకుంది. ఎగిరింది, పడింది. మళ్ళీ పడింది. ఇన్ని రోజుల్లో ఇంత అధ్వాన్నంగా ఎప్పుడూ పడలేదు. తొందరపెట్టొద్దని మాష్టారు చెప్పినా నోరు జారి పిల్లని బెదరగొట్టానని తోమోయె తనని తానే తిట్టుకుంది. ఇంటికెళ్ళి కార్డు మీద ఆ రోజు ముద్ర వేసింది.

తెల్లవారింది. తోమోయె అందరికంటే ముందే బడికి పోయి, చెప్పుల అరల దగ్గరే కుజుమి మాష్టారిని పట్టుకుంది.

"మాష్టారూ, మీకు దణ్ణం పెడతాను. మా మినోరిని ఇవాళ కమ్మీ ఎక్కించకండి."

"ఏమైందమ్మా, దెబ్బేమన్నా తగిలిందా?"

"దెబ్బ కాదండీ, అవమానం. మూడు వారాలుగా నా కళ్ళెదురుగా పడుతూనే ఉంది. ఇందరి ముందు పడితే తట్టుకోలేదు. ఇంకొక్క వారం గడువివ్వండి. దానితో ఉండడానికి వారం కావాలని పొద్దున్నే ఫ్యాక్టరీకి ఫోను చేశాను. ఇక పనికి రావద్దన్నారు. పోతే పోయింది పని, పిల్లకి ఆ పల్టీ వస్తే చాలు నాకు."

మాష్టారి చేతిలోని ఈల జారి కింద పడింది. ఆయన దాన్ని తియ్యలేదు.

"తరగతిలో అందరికీ పల్టీ నేర్పింది మినోరేనమ్మా."