చుక్కి కుంచె

చుక్కి అనే ఉడతకు రంగులంటే ప్రాణం. అడవిలో ఏ పిట్ట గూడు కట్టినా గుమ్మానికి పూలు వేసిపెట్టేది. కుంచెకు వెంట్రుకలు మాత్రం గంగులు అనే ముసలి మేకపోతు గడ్డంలోవి. పని కాగానే కుంచెను రంగుతోనే కొమ్మ మీద పడేసి జామచెట్టెక్కేది. కుంచె ఎండి పుల్లలా బిగుసుకుపోయేది. "తాతా, ఇంకో నాలుగు వెంట్రుకలివ్వవా" అంటూ మళ్లీ వెళ్లేది.

ఒకరోజు పిచుక పిన్ని గూటికి సగం పూలు వేసి, తిండికి వెళ్లొచ్చేసరికి కుంచె గట్టిపడిపోయింది. మర్నాడే గృహప్రవేశం. చుక్కి తాత దగ్గరకు పరుగెత్తింది. చూస్తే ఆయన గడ్డంలో మిగిలినవి మూడే వెంట్రుకలు. ఇక అడగడానికి దానికి నోరు రాలేదు.

తాత నవ్వాడు. "ఆ పాతదే ఇలా తేవే, చూద్దాం."

ఇద్దరూ కుంచెను వాగునీళ్లలో నానబెట్టి, కుంకుడు నురుగుతో మెల్లగా పిసికారు. రంగంతా వదిలాక మొన సరిచేసి ఆకు మీద ఆరబెట్టారు. సాయంత్రానికల్లా గుమ్మం నిండా పూలు విరిశాయి.

పిచుక పిన్ని పళ్లు పెట్టి పిలిచింది.

"కుంచె కడిగేసి వస్తా పిన్నీ" అంటూ చుక్కి వాగు వైపు దూకింది.

గంగులు తాత తన మూడు వెంట్రుకలనూ తృప్తిగా నిమురుకున్నాడు.