గేటు దాటని జాతకం

ఆటోనగర్ ఫౌండ్రీ గేటు దగ్గర వాచ్‌మన్ అప్పలసూరి, సూపర్‌వైజర్ భీమశంకరరావు భోజనం సంచి తెరిచి చూశాడు. పెరుగన్నం డబ్బా కింద కంప్యూటర్ హార్డ్ డిస్కు ఉంది.

“ఏటి సార్ ఇది?”

“మా ఇంట్లో కంప్యూటర్‌ది. ఫర్నేస్‌లో వేసి కరిగించాలి.”

“లోన ఏటున్నాదో సెప్పాల సార్. రూలు.”

“ఏమీ లేదయ్యా. డిలీట్ చేసేశాను.”

“ఏటీ నేకపోతే కరిగించడం ఎందుకు?”

భీమశంకరరావు గొంతు తగ్గించాడు. డిలీట్ చేసిన ఫైలు డిస్కులోనే ఉంటుందని, తెలిసినవాళ్ళు దాన్ని మళ్ళీ పైకి తీయగలరని చెప్పాడు. ఆయన భార్య కంప్యూటర్ కోర్సులో ఈ వారం ఆ పాఠమే మొదలైంది. ఆ ఫైలు ఆయన జాతకం. సంబంధం కుదరడం కోసం పెళ్ళికి ముందు, తను పుట్టిన సమయం మార్చి తయారుచేసుకున్నది.

“దొంగ జాతకమన్నమాట,” అంటూ అప్పలసూరి గేటు ఫోను అందుకున్నాడు. ఇంటి సామాను కరిగించాలంటే ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి. అదీ రూలే. భీమశంకరరావు ఆపేలోగా ఆయన భార్యకు సంగతంతా చెప్పేశాడు. అవతలి మాట విని ఫోను పెట్టేశాడు.

“అమ్మగోరిదీ దొంగదేనంట సార్. ఆల నాన్న రాయించేడంట.”

భీమశంకరరావు వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుండిపోయాడు.

“అయితే కరిగించెయ్యమందా?”

“వద్దన్నారు. పాప ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయంట. అది గుర్తు నేదా అని మిమ్మల్ని అడగమన్నారు.”