రొంపిచెర్ల పిచ్చయ్య

నాలుగోసారి స్విచ్ వేసినా తెర నల్లగానే ఉంది. లోపల ఫ్యాన్లు మాత్రం హుషారుగా తిరుగుతున్నాయి.

"ఏంది మహబూబ్ భాయ్, కార్డు పోయిందా?" ఫొటోగ్రాఫర్ కోటేశ్వర్ గొంతులో కంగారు. కొత్త కంప్యూటర్ కొన్నాడు గానీ గ్రాఫిక్స్ కార్డు పాతదే పెట్టించుకుంటున్నాడు. సాయంత్రం ముప్పాళ్ళ రిసెప్షన్‌లో పెళ్ళి వీడియో వేయాలి. అదింకా సగమే అయింది.

"పోవటమేంది? నా చేతిలో పడితే చచ్చిన కార్డు కూడా లేచి కూర్చుంటది. నువ్వు పోయి అన్నం తినిరా."

నరసరావుపేటలో ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్న మనిషి మరి! కోటేశ్వర్ అటు వెళ్ళగానే మహబూబ్ కార్డును రబ్బరుతో రుద్దాడు, నోటితో ఊదాడు, కేబుల్ మార్చాడు. బిస్మిల్లా అని మళ్ళీ స్విచ్ వేశాడు. తెర కరగలేదు.

ఇక దిక్కు సబా ఒక్కతే. అతని దగ్గరే రెండేళ్ళు పని నేర్చుకుని, మాచర్లలో సొంత షాపు పెట్టుకుంది. వెళ్ళేరోజు "ఆర్నెల్లలో మూసేసి తిరిగొస్తావు, చూడు" అని దీవించి పంపింది అతనే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగాలి?

పక్కన టీకొట్టు కొండమ్మ ఫోను అడిగి తెచ్చాడు. నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"అమ్మా, నేను రొంపిచెర్ల పిచ్చయ్యని. కొత్త కంప్యూటర్లో పాత కార్డు పెడితే బొమ్మ రావట్లా."

"కార్డుకేం కాలేదులే బాబాయ్," అంది సబా. "పాత కార్డుల పద్ధతి కొత్త బోర్డులకి తెలీదు. ముందు కార్డు తీసెయ్. కేబుల్ బోర్డుకే పెట్టి బయోస్‌ సెట్టింగుల్లోకి పో. సెక్యూర్ బూట్ ఆపు, అది పాతవాటిని రానియ్యదు. సీఎస్ఎం అని ఉంటది, పాత పద్ధతిని ఒప్పుకునేది, అది ఆన్ చెయ్. సేవ్ చేసి, మొత్తం ఆపేసి, అప్పుడు కార్డు పెట్టు."

ఆమె ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పింది. "ఆఁ తల్లీ, ఆఁ తల్లీ" అంటూ అతను బుద్ధిగా చేసుకుపోయాడు. స్విచ్ వేశాడు. తెర భళ్ళున వెలిగింది!

అప్పుడే కోటేశ్వర్ లోపలికి వచ్చాడు. "వచ్చిందా భాయ్!"

మహబూబ్ చటుక్కున ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు. "రాక ఏంజేస్తది? ఈ కిటుకు తెలిసినోడు పల్నాడు మొత్తానికి నేనొక్కణ్ణే."

కోటేశ్వర్ అతన్ని కౌగిలించుకుని, కంప్యూటర్ ఎత్తుకుని పరుగెత్తాడు.

అప్పుడు చూసుకున్నాడు మహబూబ్, ఫోను ఇంకా కట్ కాలేదు. గబగబా రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"చానా మేలు చేశావు తల్లీ! ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"మీరు రాయించిన నోట్సే సార్, పదకొండో పేజీ. ముందేసుకుని చదివానంతే."