సపోజ్, మీ పాపకు జ్వరం

"సపోజ్, మీ పాపకు నూటమూడు జ్వరం. ఇంట్లో ఆయా ఒక్కతే ఉంది. ఇక్కడేమో అర్జెంటు పని. ఏం చేస్తారు?" ఇంటర్వ్యూ చేస్తున్న జయంతి ఇంగ్లిషులో అడిగింది.

బోరబండ కోచింగులో బట్టీపట్టిన ఇంగ్లిషు జవాబు అందుకుంది హర్షిణి. "ముందు పని పూర్తిచేస్తాను మేడం. ఆ తరవాతే..."

బల్లమీద జయంతి పేజరు మూడోసారి మోగింది. ఆమె చదివి బోర్లించింది. గడియారం వైపు, తలుపు వైపు చూసింది.

"ఆగారేం? చెప్పండి."

హైటెక్ సిటీలో హర్షిణికి పిలుపొచ్చిన ఆఫీసు ఇదొక్కటే. అయినా తన సర్టిఫికెట్ల ఫైలు మూసేసింది. మూడు నెలలుగా దాచిన యాస బయటపడింది.

"పాప ఏడుస్తుంటది మేడం. మీరు ఇంటికి పోండ్రి. నా ఇంటర్వ్యూ పోతే పాయె."

జయంతి హ్యాండుబ్యాగు అందుకుంది.

"చేరేటప్పుడు నన్నూ ఇదే అడిగారు," అంది తలుపు దగ్గర ఆగి, తెలుగులో. "నేను పనే అన్నాను. నాకు పాప ఉందని ఈ ఆఫీసులో ఇవాళ్టిదాకా ఎవరికీ తెలీదు."