స్టాండు నాతో వచ్చిందండీ

ఇలా నా పక్కకి జరుగు పూర్ణిమా, మొన్న గుడివాడలో ఏమైందో చెప్తాను. తలకి రంగేయించుకుందామని సుగుణ పార్లర్‌కి వెళ్లానులే. నవ్వకు, డెబ్భై దాటితే సోకు ఉండకూడదా?

రంగు కడిగి, తడి తలతో నన్ను కూర్చోబెట్టారు. అప్పుడే కృత్తివెన్ను నుంచి వందన అనే పిల్ల పని అడగడానికొచ్చింది. పుట్టుకతోనే కుడి చెయ్యి పనిచెయ్యదు.

“ఒక చేత్తో డ్రయ్యరు, ఇంకో చేత్తో దువ్వెన పట్టాలమ్మా. నీవల్ల కాదు,” అంది సుగుణ.

“డ్రయ్యరు ఇది పట్టుకుంటుందండీ,” అని ఆ పిల్ల ఒక స్టాండు నిలబెట్టింది. రొయ్యల చెరువుల దగ్గర వెల్డింగ్ చేసే వాళ్ల బావ, పాత ఫ్యాను రాడ్డుకి క్లాంపు అతికించి ఇచ్చాడట.

“బాగానే ఉంది సంబడం. దాని ముందు ఎవరు కూర్చుంటారు?”

“నేను కూర్చుంటాను,” అన్నాను.

ఎడం చేత్తో పాయపాయా దువ్వుతూ ఆరబెట్టింది. ఒక్క వెంట్రుక లాగలేదు.

అంతా చూసిన సుగుణ, భుజం నొక్కుకుంటూ వచ్చి, ఆ స్టాండు తన కస్టమరు దగ్గరికి జరుపుకుంది.

వందన వెళ్లి దాన్ని పట్టుకుంది. “ఇది నాతో వచ్చిందండీ. నేను వెళ్తే నాతోనే వస్తుంది.”

సుగుణ స్టాండు మీంచి చెయ్యి తీసేసింది. “రెండు చేతులున్న నాకే భుజం లాగేస్తోంది. మీ బావని ఇంకోటి చెయ్యమను. నువ్వు రేపు తొమ్మిదికి రా.”

“పదికి వస్తానండీ. మా బస్సు అప్పుడే.”

ఇది గుర్తుంచుకుని నీ కూతురికీ చెప్పు. చెప్పేటప్పుడు ‘పాపం’ అనే మాట మాత్రం కలపకు.