అక్క గౌను రంగు

“రంగు వెయ్యమని వచ్చేవాళ్ళే గానీ, దింపమని వచ్చినదానివి నువ్వొక్కదానివే చెల్లెమ్మా!”

రంగులాయన నవ్వుతూ రెండు గౌన్లనూ బల్ల మీద పరిచాడు. రెండూ అతని తొట్టిలో రంగు తాగినవే. పోయినేడు ఈవిడే తెల్ల నూలు గుడ్డతో కుట్టించి తెచ్చి, కూతుళ్ళిద్దరికీ ఒకే ఎరుపు వేయించుకుంది. చిన్నదాని గౌను ఇప్పుడు వెలిసిపోయి గులాబీరంగుకి దిగింది. పెద్దదానిది మాత్రం నిన్ననే తొట్టిలోంచి తీసినట్టు నిగనిగలాడుతోంది.

“చిన్నదానికే మళ్ళీ రంగేస్తాను. గంట పని. నిక్షేపంలాంటి గౌను ఎందుకు పాడుచేసుకుంటావు?”

“చిన్నది ఒప్పుకోవడంలేదన్నా. అక్కది కూడా తన గౌనులాగే అవ్వాలట. మూడు రోజులుగా అన్నం ముట్టడంలేదు. ఇవాళైనా ఏదో ఒకటి తినకపోతే పడిపోయేలా ఉంది.”

“అమ్మ గడుగ్గాయీ! తనది పాడైందని అక్కది కూడా పాడవ్వాలా? పెద్దదాన్ని అడిగావా?”

“లేదు.”

“అదీ సంగతి. నోరులేని పిల్లంటే అందరికీ లోకువే.”

ఆమె తల దించుకుంది. రంగులాయనకి పెద్దపిల్ల మీద జాలేసింది.

“దింపడమేం పెద్ద పని కాదులే. ఇది డైరెక్ట్ రంగు. ఉప్పేసి మరిగిస్తే నూలు ఎంత ఇష్టంగా పట్టుకుంటుందో, సబ్బునీళ్ళలో ఉడికిస్తే అంత తేలిగ్గానూ వదిలేస్తుంది. అందుకేగా, ఊరికే తొడిగి ఉతక్కండి, మంచిరోజుకి దాచుకోండి అని ఆనాడే చిలక్కి చెప్పినట్టు చెప్పాను. విన్నది పెద్దదొక్కతే.”

“అవునన్నా. అదొక్కతే విన్నది.”

“ముందు లోపలి మడతలోంచి చిన్న ముక్క కత్తిరించి, ఉడికించి చూస్తాను.”

“వద్దు! దాన్ని కత్తిరించొద్దు!”

కసిరినట్టే అరిచింది. రంగులాయన చిన్నబుచ్చుకుని కత్తెర పక్కన పెట్టాడు. బొత్తాలు విప్పబోతే కాజాలు బిగుసుకుని ఓ పట్టాన రాలేదు. గోళ్ళతో ఎలాగో విప్పి, చాకలిసోడా కలిపిన వేడి సబ్బునీళ్ళలో గౌను ముంచాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి. చేజేతులా వేసిన రంగుని చేజేతులా తీసేయడం అతనికి కష్టంగానే ఉంది.

తడిగుడ్డ రంగు నమ్మడానికి వీల్లేదు కాబట్టి, తీసిన ప్రతిసారీ ఒక మూల ఇస్త్రీ చేసి ఆరబెట్టి, చిన్నదాని గౌను పక్కన పెట్టి చూశాడు. రెండుసార్లు కుదరలేదు. మూడోసారి అచ్చం ఏడాదిపాటు తొడిగి, ఉతికి, ఆరేసినట్టే వచ్చింది. నూలుది కాని కుట్టుదారం మాత్రం ఎప్పట్లా తెల్లగానే ఉంది.

“ఇదిగో, ఇక చిన్నమ్మగారికి ముద్ద దిగుతుంది. పాపం పెద్దదే, చూడగానే లబోదిబోమంటుంది. నా మీద పెట్టి సర్దిచెప్పు.”

ఆమె ఇంకా వెచ్చగా ఉన్న గౌనుని గుండెలకి హత్తుకుని భోరుమంది.

“చూశావా? ఇప్పుడేడిస్తే ఏం లాభం? నేను ముందే వద్దన్నానా?”

“గౌను పాడవ్వాలని కాదన్నా చిన్నది అడిగింది. అక్క కూడా తనలాగే దీన్ని తొడుక్కుని ఆడుకున్నట్టు ఉండాలంది.”

“ఆడుకోమను! ఎవరొద్దన్నారు?”

“ఒక్కసారైనా తొడుక్కోకుండానే చచ్చిపోయిందన్నా.”