వంతెనకు చెప్పిన బరువు

బయలుదేరినప్పుడు గవర్రాజు దగ్గర ఉన్నవి ఒక తోపుడు బండి, ముప్పై పనసకాయలు, అవి మూడు వందల కిలోలని తానే రాసి బండికి కట్టిన చీటీ. ఏటి పాయ అవతల పెళ్ళి. మధ్యాహ్నం విస్తళ్ళలో పనసపొట్టు కూర పడకపోతే ఆ ఊళ్ళో అతని బేరం అంతటితో సరి.

అప్పటికి ఇనుప వంతెనలన్నీ మాట్లాడుతున్నాయి. ఈ వంతెన మరీ వాగుడుకాయ.

"ఆగండి గవర్రాజు గారూ! పొద్దున్నే నా ఏటవాలు కమ్మీ ఒకటి విరిగిందండి. అది మోసే బరువును పక్క కమ్మీలు పంచుకుని నన్ను నిలబెట్టాయి. బాగుచేసేదాకా సరుకు రెండొందల యాభై కిలోలు దాటితే ఎక్కనివ్వను. మీదెంత?"

అవతలి గట్టున పెళ్ళికూతురి తండ్రి వీర్రాఘవులు ఎదురుచూస్తున్నాడు. గవర్రాజు గొంతు తగ్గించి నిజం చెప్పేశాడు. "రెండొందల నలభయ్యే. చీటీలో మూడొందలన్నది అమ్మకానికి రాసిందమ్మా."

వంతెనకు గుసగుసలు చేతకావు. "చీటీలో మూడొందలున్నా, అసలు రెండొందల నలభయ్యేనటండీ! రండి, రండి!" అని కమ్మీలన్నీ ఒక్కసారే మోగాయి.

మూలుగుతూనే అవి బండిని దాటించాయి. కమ్మీ విరిగితే ఇన్ని కాపు కాశాయి, నా మాట విరిగితే ఆదుకునే దిక్కు ఒక్కటీ లేదే అనుకున్నాడు గవర్రాజు.

"ఆ అరవై కిలోల లోటూ ఒంటికష్టంతో పూడ్చవయ్యా. కత్తి పట్టు, పొట్టు కొట్టు" అన్నాడు వీర్రాఘవులు.

సాయంత్రానికి గవర్రాజుకు మిగిలినవి జిగురుతో అతుక్కుపోయిన పది వేళ్ళు, చివరి బంతిలో కడుపునిండా భోజనం, వచ్చే నెల గృహప్రవేశానికి మరో ఇరవై కాయల బేరం. తూకం మాత్రం వంతెనే చెప్పాలట.